పొలం కొన్నారు సరే, బాట ఎవరిది? (వికారాబాద్, చేవెళ్ళ వైపు ఊళ్ళ సంగతి)

కందిచేను | 9 నవంబరు 2025

మాది వికారాబాద్‌కు దగ్గరి ఊరు. పేరు రాయను, గొడవ పెంచడం నా ఉద్దేశం కాదు.

ఊరికి పడమర నాకు నాలుగు ఎకరాలు ఉంది. పత్తి, కంది వేస్తాను. ఇంటి నుంచి పొలానికి బండ్ల బాట ఉంది. ఆ బాట మీద మా తాత ఎడ్ల బండి తోలాడు, నాన్న తోలాడు, నేను ట్రాక్టరు నడుపుతున్నాను. బాటకు ఆనుకుని ఉన్న పదకొండు ఎకరాలను రెండేళ్ళ కింద హైదరాబాద్ వాళ్ళు నలుగురు కలిసి కొన్నారు. మొదటి ఏడాది రాతి కడీలు పాతి తీగ చుట్టారు. ఈ వానాకాలంలో కాంక్రీటు పలకలతో ఏడు అడుగుల గోడ లేపారు. దసరా వెళ్ళాక గేటు పెట్టి తాళం వేశారు. బాట గోడ లోపలికి పోయింది.

ఇప్పుడు పొలానికి వెళ్ళాలంటే రెండున్నర కిలోమీటర్లు చుట్టు తిరగాలి. ట్రాక్టరు అసలు వెళ్ళదు, మధ్యలో వాగు ఉంది. పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ అడిగారు. అంత దూరం నడిపిస్తున్నప్పుడు అడగడం న్యాయమే, ఇచ్చాను. బస్తాలు నెత్తిన పెట్టుకుని వాగు దాటించాం.

కాపలా ఉన్నతను "సార్ వాళ్ళు ఆదివారం వస్తారు" అన్నాడు. ఆదివారం వెళ్ళాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. తరువాత రిజిస్ట్రేషన్ పత్రాలు నా ముందు పెట్టి, "ఇందులో బాట ఎక్కడుందో మీరే చూపించండి" అన్నాడు. చూశాను. నిజంగానే లేదు.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇలాంటిది ఎవరికైనా జరిగిందా? ఏం చేశారు?

తాండూరు బండ | 9 నవంబరు

జరిగింది. మా మేనమామ చేనుకు ఎగువన గోడ కట్టారు. అంతకుముందు వాన నీళ్ళు ఏటవాలుగా పారి కుంటలోకి పోయేవి. ఇప్పుడు గోడకు తగిలి మామయ్య చేలోనే నిలుస్తున్నాయి. మొన్న ఆగస్టులో ఎకరంన్నర పత్తి వేరుకుళ్ళుతో పోయింది. గోడకు అడుగున నాలుగు తూములు పెట్టమని అడిగాం. పాములు వస్తాయని ఒప్పుకోలేదు.

మామిడి మొక్క | 10 నవంబరు

మీరంతా చెబుతున్న "హైదరాబాద్ వాళ్ళ"లో నేనూ ఒకదాన్ని. కందిచేను గారూ, మీ దారి మూసేయడం తప్పు. అది ముందుగా చెప్పి, నా సంగతి రాస్తాను.

కూకట్‌పల్లిలో ఇరవై రెండేళ్ళు అపార్టుమెంటులో ఉన్నాం. కరోనాలో పద్నాలుగు నెలలు నాలుగు గోడల మధ్య గడిపాక ఇక ఉండలేమనిపించి, 2021లో శంకర్‌పల్లి దాటాక ఎకరం పది గుంటలు కొన్నాం. శని, ఆదివారాలకు వచ్చి పోయే మనుషులం కాము. ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉంటున్నాం.

మొదటి వేసవిలో అరవై మామిడి మొక్కలు పెట్టాం. ఒక్కొక్కదానికీ నా చేతులతో గుంత నింపాను. ఒకరోజు పొద్దున లేచి చూస్తే నలభైకి పైగా మొదళ్ళే మిగిలాయి. ఎవరి పశువులని అడిగితే ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ తరువాతే కంచె వేశాం. కంచె వేసిన నాటి నుంచి మాకు గర్వం అన్నారు. పత్తి కట్టె తగలబెట్టినప్పుడు పొగకు మా వారికి ఊపిరి ఆడక, కాస్త దూరంగా పెట్టుకోమని అడగడానికి వెళ్ళాను. "ఇష్టం లేకపోతే వచ్చిన దారినే వెళ్ళండి" అన్నారు. నాలుగేళ్ళయినా నేను "ఫారం హౌసు అమ్మ"నే, నా పేరు ఎవరికీ అక్కర్లేదు.

ఊరి మనిషిని కావడానికి నేను ఏం చేయాలో ఎవరైనా చెప్పండి. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

పాడి గేదె | 10 నవంబరు

అక్కా, మీ మొక్కలు పోవడం బాధాకరం. చెప్పకుండా దాచిన వాళ్ళది తప్పే. అయితే అది ఎందుకు జరిగిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, నేను చెబుతాను.

మా వైపు పంట ఇంటికి చేరాక చేలన్నీ పశువులకు వదిలేసేవాళ్ళం. ఎవరి చేను, ఎవరి బర్రె అని చూసేవాళ్ళం కాదు. కొయ్యకాళ్ళు మేసి పేడ వేసి పోతాయి, అదే ఎరువు. గొర్రెల మంద వాళ్ళను పిలిచి, గింజలో డబ్బులో ఇచ్చి మరీ రాత్రుళ్ళు చేలో పడుకోబెట్టించుకునేవాళ్ళం. మీరు కొన్న ఎకరం పది గుంటల్లో కూడా అంతకుముందు ప్రతి వేసవీ పశువులు మేసి ఉంటాయి. భూమి చేతులు మారిందని మనకు తెలుస్తుంది, గేదెకు ఎలా తెలుస్తుంది?

నాకు ఆరు గేదెలు ఉండేవి. ఇప్పుడు రెండు. మా ఇంటి చుట్టూ మూడు వైపులా కంచెలు వచ్చాయి. ఒక్కొక్క కంచెకు ఒక్కొక్క న్యాయమైన కారణం ఉంది, మీలాగే. అన్నీ కలిపితే నా గేదెలకు మేత లేదు. దాణా కొని మేపితే పాల డబ్బులు దాణాకే సరిపోతాయి. పిల్లల ఫీజులు ఆ పాల మీదే కట్టేదాన్ని. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు.

మీ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు: కంచె తీసేయమని ఎవరూ అనరు. మామిడి కింద గడ్డి పెరుగుతుంది కదా, దాన్ని కోసుకోవడానికి ఎవరినైనా రానివ్వండి.

వకీలు | 11 నవంబరు

కందిచేను గారికి. పాతికేళ్ళుగా భూమి కేసులే చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదట గ్రామ నక్షా, అంటే ఊరి భూముల పటం, తీయించండి. బండ్ల బాట నక్షాలో ఉంటే అది నక్షా బాట. పక్క పట్టాదారు భూమి ఎవరికి అమ్మినా ఆ బాట అమ్ముడుపోదు. తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి సర్వేయరుతో కొలిపించుకోవచ్చు.

నక్షాలో లేకపోయినా దారి మూసుకుపోలేదు. ఒక దారిని 20 ఏళ్ళ పాటు బహిరంగంగా, అడ్డు లేకుండా, ఒకరి దయ మీద కాకుండా హక్కుగా వాడుకుంటే ఆ వాడుకే హక్కు అవుతుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం 25వ సెక్షన్ ఇదే చెబుతుంది. కానీ ఇందులోనే చాలామంది పోగొట్టుకునే మెలిక ఉంది. ఆ 20 ఏళ్ళ వాడుక, మీరు దావా వేసే నాటికి వెనక్కి రెండేళ్ళ లోపు వరకు సాగి ఉండాలి. గేటు పడిన తరువాత "పెద్దమనుషులు చూస్తారులే" అని మూడేళ్ళు కూర్చుంటే తాతల నాటి హక్కు కూడా చేజారుతుంది. గేటు ఎప్పుడు పెట్టారో ఫొటోతో సహా రాసి పెట్టుకోండి. బాట గురించి తెలిసిన పెద్దవాళ్ళ వాంగ్మూలాలు ఇప్పుడే తీసుకోండి, వాళ్ళు ఉండగానే.

కొనేవాళ్ళకూ ఒక మాట. పాత పహాణీలో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు పేరు కూడా రాసేవారు. భూమి ఒకరిది, ఉన్నది మరొకరి చేతిలో అని కాగితం మీదే కనిపించేది. 2020లో భూముల రికార్డులను ఆన్‌లైనులో పెట్టే ధరణి వచ్చాక ఆ గడి పోయింది. ధరణి చూసి కొన్నవాడికి కంప్యూటరులో శుభ్రమైన భూమి కనిపించేది. అందుకే కొనే ముందు ఒక్క పూట ఊళ్ళో నడిచి, ఆ చేలోంచి ఎవరు వెళుతున్నారో కళ్ళారా చూడండి.

మర్రి నీడ | 12 నవంబరు

మమ్మల్నందరినీ గోడలు కట్టేవాళ్ళుగానే చూడకండి. బీజాపూర్ రోడ్డు వెడల్పు కోసం కొట్టేయబోయిన 900కు పైగా మర్రిచెట్లు ఇన్నాళ్ళూ నిలిచి ఉన్నాయంటే, నగరం నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు కాబట్టే. స్థానికులే వాటి కోసం ముందుకు రాలేదు.

తాండూరు బండ | 12 నవంబరు

ఈ మాట నేను చూస్తూ ఊరుకోలేను.

నవంబరు 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొంది. 20 మంది దాకా చనిపోయారు. కంకర కింద మనుషులు కూరుకుపోయారు. వారానికి మూడు రోజులు నేను ఎక్కే దారి అది. ఆ రోజు నేను ఎక్కలేదు, అంతే తేడా. పోయిన వాళ్ళలో చదువుకోవడానికి వెళ్ళే పిల్లలు ఉన్నారు. రెండు వరుసల రోడ్డు, డివైడరు లేదు, రోజూ వందల టిప్పర్లు. ఆ కంకర ఎటు పోతుంది? నగరంలో మేడలు కట్టడానికే కదా.

మేము చెట్లు కొట్టమనలేదు. రోడ్డు వెడల్పు చేయమని అడిగి అడిగి అలసిపోయాం. కేసు నడిచిన ఇన్నేళ్ళలో తాండూరులో, పరిగిలో, చేవెళ్ళలో బస్సు ఎక్కేవాళ్ళను ఒక్కరినైనా పిలిచి మీ ప్రాణభయం ఏమిటని అడిగారా?

మర్రి నీడ | 12 నవంబరు

అడగలేదు. నాకు తెలిసినంతలో మేము అడగలేదు. మీ మాట నన్ను కదిలించింది. ఆలస్యానికి చెట్ల కేసు ఒక్కటే కారణం కాదని, భూసేకరణ కూడా ఏళ్ళ తరబడి సాగిందని మాత్రం గుర్తు చేస్తున్నాను. చెట్ల వరుసను మధ్యలో ఉంచి, పక్కన కొత్త దారి వేయమనే మేమూ అడిగాం.

చేమంతి | 12 నవంబరు

స్థానికులు ముందుకు రాలేదన్న మాట నాకు గుచ్చుకుంది. మాది చేవెళ్ళ మండలం. పూలు, టమాట పండిస్తాం. తెల్లవారుజామున మూడింటికి పూల మూటలతో గుడిమల్కాపూర్ మార్కెట్టుకు ఆ మర్రిచెట్ల కిందనుంచే వెళ్ళేది మా అమ్మ. మిట్టమధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు బండి చెడిపోతే ఆ నీడనే అన్నం తినేవాళ్ళం. ఊడలు పట్టుకుని ఊగుతూ పెరిగాం. కోర్టులో కాగితం వేయడం మాకు తెలియకపోవచ్చు, ఆ చెట్లంటే ప్రేమ లేదని అనకండి.

నిర్వాహకులు | 13 నవంబరు

ఒక సభ్యుడు ఫలానా ఫారం హౌసు సర్వే నంబరు, యజమాని ఫోను నంబరు ఇక్కడ పెట్టారు. తీసేశాం. దయచేసి మళ్ళీ పెట్టవద్దు. రోడ్డు ప్రమాదం గురించి రాసేటప్పుడు ఆ కుటుంబాల వాళ్ళు కూడా చదువుతారని గుర్తుంచుకోండి.

మొయినాబాద్ వాసి | 15 నవంబరు

ఈ చర్చలో జీవో 111 ప్రస్తావన రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. నగరానికీ చుట్టుపక్కల ఊళ్ళకూ మధ్య పేచీ ఫారం హౌసులతో మొదలు కాలేదు.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. ఆ తరువాత నగరాన్ని కాపాడటానికి మూసీ మీద ఉస్మాన్ సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ (1927) కట్టారు. మా పెద్దల భూములు కొన్ని ఆ నీళ్ళ కిందకు వెళ్ళాయి. దశాబ్దాల పాటు హైదరాబాద్ ఆ నీళ్ళు తాగింది. 1996 మార్చి 8న, ఆ రెండు చెరువులను కాపాడటానికి 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు వద్దని జీవో 111 ఇచ్చారు.

ఉద్దేశం మంచిదే, నేను కాదనను. కానీ దాని బరువు ఎవరు మోశారు? పక్కనే గచ్చిబౌలి, కోకాపేట వైపు గజాల లెక్కన భూమి బంగారమైంది. మా ఎకరానికి ధర లేదు. మా నాన్న ఇంటి మీద ఒక అంతస్తు వేసుకోవాలంటే భయం. అదే కాలంలో మా కళ్ళ ముందే పదేసి ఎకరాల్లో ఈత కొలనులతో భవనాలు లేచాయి. ధర తక్కువ కాబట్టి డబ్బున్నవాళ్ళు మా దగ్గర చవకగా కొనుక్కున్నారు. నిబంధన మాకు కట్టడి అయింది, వాళ్ళకు తోట అయింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించేసరికి మా ఊళ్ళో చాలామందికి అమ్ముకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు అదే ఫారం హౌసుల వాళ్ళు "జలాశయాలను కాపాడాలి" అని మాకు చెబుతున్నారు. కాపాడాల్సిందే, నా పిల్లలూ ఇక్కడే బతకాలి. అయితే ఆ మాట ముందుగా వాళ్ళ కొలనుల దగ్గర మొదలు కావాలి.

తాండూరు బండ | 15 నవంబరు

బోర్ల సంగతీ అంతే అన్నా. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. కొలిచి చూసేవాళ్ళు ఎవరు? పచ్చగడ్డి మైదానానికి పగలంతా నీళ్ళు చిమ్ముతుంటారు, పక్క చేలో బోరు గాలి కక్కుతుంది.

అమ్మినవాణ్ణి | 16 నవంబరు

చాలా రోజులుగా చదువుతున్నాను. మూడు ఎకరాలు అమ్మిన రైతును నేను. మమ్మల్ని గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి రాస్తున్నాను.

నన్ను ఎవరూ మోసం చేయలేదు. మూడు బోర్లు వేస్తే మూడూ ఎండాయి. అమ్మకు గుండె ఆపరేషను, చెల్లెలి పెళ్ళి, వడ్డీలు. ఎకరానికి వచ్చిన ధర, నేను జన్మంతా పత్తి పండించినా చూడలేనిది. అప్పులు తీర్చాను. వికారాబాద్‌లో ఇల్లు కట్టుకుని ఎరువుల దుకాణం పెట్టాను. నా కొడుకు బీటెక్ చదువుతున్నాడు. ఊళ్ళో కొందరు "భూమిని అమ్ముకున్నాడు" అని నన్ను దించి మాట్లాడతారు. కొన్నవాడిని తిట్టేటప్పుడు అమ్మినవాడి అవసరాన్ని కూడా తలచుకోండి.

ఒక్క విషయం మాత్రం నన్ను వదలడం లేదు. కందిచేను గారు రాసింది చదివాక మరీ ఎక్కువైంది. నా మూడు ఎకరాల గట్టు మీద నుంచి ఎల్లమ్మ గుడికి కాలిబాట ఉండేది. బోనాలకు ఆడవాళ్ళు ఆ గట్టు మీదే నడిచేవారు. అమ్మేటప్పుడు నేను ఆ మాట చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచలేదు. నాకు అది గాలి లాంటిది, దాన్ని ప్రత్యేకంగా ఎవరు చెబుతారు? రెండేళ్ళుగా బోనాలు డాంబరు రోడ్డు మీదుగా తిరిగి వెళుతున్నాయి. మా అమ్మ బతికి ఉన్నంత కాలం నన్ను ఆ మాట అడుగుతూనే ఉంది.

కందిచేను | 16 నవంబరు

అన్నా, మీ మాటలు చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నాకు ఎదురైన ఆయన కూడా తెలియకే గోడ కట్టాడేమో. అతనికి అమ్మిన మా ఊరి వాళ్ళు ఏం చెప్పారో నేను అడగనే లేదు.

కౌలు రైతు కూతురు | 18 నవంబరు

మా నాన్న పదేళ్ళుగా ఐదు ఎకరాలు కౌలుకు చేస్తున్నాడు. భూమి చేతులు మారి నగరంలో ఉండే డాక్టరు దంపతులకు వెళ్ళింది. 2018లో పంట పెట్టుబడి సాయంగా రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు పట్టాదారు ఖాతాలో పడ్డాయి. విత్తనం, ఎరువు, అప్పు మా నాన్నవి. ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6,000 అయింది, అదీ పట్టాదారుకే. ఇందులో కొన్నవాళ్ళ తప్పు లేదు, పథకం అలా రాశారు.

అయినా చెప్పాలి: ఆ డాక్టరమ్మ రెండో సీజను నుంచి ఆ డబ్బు మా నాన్నకే పంపుతోంది. మేము అడగలేదు. ఎవరు దున్నుతున్నారో ఆమే వచ్చి చూసింది. అందుకే నేను నగరం వాళ్ళందరినీ ఒకే గాటన కట్టలేను.

నాంత్ నుంచి | 19 నవంబరు

పరిగి దగ్గర పుట్టి ఫ్రాన్స్‌లో ఉంటున్నాను. ఇక్కడా ఇదే తగువు. ఒలెరాన్ ద్వీపంలో మోరిస్ అనే కోడిపుంజు తెల్లవారగానే కూస్తోందని, అక్కడ సెలవుల ఇల్లు కొనుక్కున్న దంపతులు కోర్టుకెక్కారు. 2019లో కోర్టు కోడి యజమానురాలి పక్షాన తీర్పు ఇచ్చింది. 2021 జనవరిలో పల్లెల శబ్దాలు, వాసనలు కూడా వారసత్వమేనని పార్లమెంటు చట్టం చేసింది. పేడ వాసన వస్తోందని, గుడి గంట మోగుతోందని ఫిర్యాదు చేసేవాళ్ళకు అక్కడ చట్టమే జవాబు చెబుతుంది.

మామిడి మొక్క | 23 నవంబరు

పాడి గేదె గారి మాట ప్రకారం, గడ్డి కోసుకోవచ్చని మా పక్కింటి అవ్వతో చెప్పాను. మరుసటి రోజు ఇద్దరు కొడవళ్ళతో వచ్చారు. పని అయ్యాక అవ్వ అరుగు మీద కూర్చుని, ఆ రోజు మొక్కలు తిన్నవి ఎవరి పశువులో చెప్పింది. అవ్వవే. చెబితే డబ్బు కట్టమంటారని భయపడిందట. నాలుగేళ్ళు మా గేటు ముందు నుంచి తల దించుకుని వెళ్ళింది. నేనేమో అది పొగరనుకున్నాను.

పాడి గేదె | 23 నవంబరు

అక్కా, మొన్నటి దాకా మిమ్మల్ని నేనూ "ఫారం హౌసు అమ్మ" అనే అనుకున్నాను. క్షమించండి. అవ్వ మీ పేరు అడిగిందా?

మామిడి మొక్క | 23 నవంబరు

అడిగింది.

కందిచేను | 11 జనవరి 2026

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు ఉండటంతో ఎవరినీ కదిలించలేకపోయాను. కొత్త సర్పంచి గెలిచిన వారానికి నక్షా పట్టుకుని వెళ్ళాను. సర్వేయరు వచ్చి కొలిచాడు. బాటలో మొదటి సగం నక్షాలో ఉంది. రెండో సగం లేదు, అది మా తాతలు, అమ్మినవాళ్ళ తాతలు మాట మీద వేసుకున్నది.

నలుగురు యజమానుల్లో ముగ్గురు వచ్చారు. కొలతలు చూశాక వాదించలేదు. "అమ్మినవాళ్ళు మాకు ఒక్క మాట చెప్పి ఉంటే గోడ అవతల నుంచే కట్టేవాళ్ళం, మాకూ పది లక్షలు మిగిలేవి" అన్నాడు ఒకాయన, బాధగానే. నక్షాలో ఉన్నంత మేరకు గోడ జరుపుతామన్నారు. రెండో సగానికి గేటు ఉంటుందట, దాని తాళంచెవి ఒకటి నాకు ఇచ్చారు.

తాళంచెవి తీసుకున్నాను, కంది కోతకు వచ్చింది మరి. నిన్న మొదటిసారి ట్రాక్టరు లోపలి నుంచి వెళ్ళింది. కానీ నా అవతల ఇంకా ఆరు కుటుంబాల పొలాలు ఉన్నాయి. పొద్దున ఐదున్నరకు వాళ్ళు మా ఇంటికి వచ్చి, "కొంచెం గేటు తీస్తావా" అని అడుగుతున్నారు. అందులో ఒకాయన మా నాన్న ఈడువాడు. నన్ను అడిగి తన పొలానికి వెళ్ళాల్సి రావడం ఆయన ముఖంలో కనిపిస్తోంది, నేను చూడలేకపోతున్నాను.

వకీలు | 11 జనవరి

గోడ జరుపుతామన్న మాట వరకు సంతోషం. రెండో సగం విషయంలో మాత్రం జాగ్రత్త. తాళంచెవి తీసుకుంటే రేపు అది "మేము దయతో ఇచ్చిన అనుమతి" అవుతుంది. అనుమతితో నడిచే దారికి హక్కు పుట్టదు. ఏడుగురు రైతుల పేర్లతో, దారి వెడల్పుతో, శాశ్వతంగా అని రాయించి రిజిస్టరు చేయించండి. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, రేపు ఆ భూమి ఇంకొకరికి అమ్మవచ్చు. గేటు పడింది 2025 దసరా తరువాత. 2027 సెప్టెంబరులోగా ఈ కాగితం కాకపోతే, ఆ నెల దాటకముందే దావా వేయాల్సిందే.

కందిచేను | 12 జనవరి

అలాగే, వకీలు గారూ. పండుగకు నలుగురూ కుటుంబాలతో వస్తారట. కనుమ నాడు మా ఆరు కుటుంబాల వాళ్ళను వెంటబెట్టుకుని వెళతాను. రాత ఎలా ఉండాలో నమూనా ఒకటి పంపగలరా? అందులో ఎల్లమ్మ గుడి కాలిబాట లాంటివి రాయవచ్చా? మా వైపు ఒకటి ఉంది.